కానుగ చెట్టు చుట్టూ గట్టు

(బెంగుళూరులోని తెలుగువారు నెలనెలా కలుసుకునే ఒక సమావేశంలో, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక మహిళ చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం కిందికి దించు బాబూ, ఇందాక మాట్లాడినాయనంత పొడుగు నేను లేను. (నవ్వులు) ఆఁ, చాలు.

నన్ను పార్కుల గురించి మాట్లాడమన్నారు. ముందే చెప్పేస్తున్నా, నేను చదివింది బీకాం. ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. చెట్ల శాస్త్రీయ నామాలు అడిగితే నోరు తిరగదు. రిటైరయ్యాక మా లేఅవుట్ పార్కు కమిటీలో నన్ను వేశారు. మొక్కలు తెలుసని కాదు, లెక్కలు రాస్తానని. అలా దిగాను ఇందులోకి.

మొదట ఒక కూర సంగతి చెప్తాను. ఇక్కడ ఎంతమంది ఇళ్లలో బెంగుళూరు వంకాయ వండుతారు? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. నేను పెళ్లయి ఈ ఊరు రాకముందే, ఒంగోలులో మా అమ్మమ్మ వంటింట్లో ఈ ఊరి పేరు విన్నాను. పెసరపప్పు వేసి, చివర్లో కొబ్బరి కోరు చల్లి చేసేది. చిన్నప్పుడు బెంగుళూరంటే నాకు ఆ కూరే. తీరా ఇక్కడికొచ్చాక తోపుడు బండాయన్ని "బెంగుళూరు వంకాయ ఉందా" అని అడిగితే, మామూలు వంకాయలు చూపించి "ఇవన్నీ బెంగుళూరువే అమ్మా" అన్నాడు. (నవ్వులు) కన్నడంలో దాని పేరు సీమె బదనెకాయి. అంటే సీమ వంకాయ. పరాయి సీమ నుంచి వచ్చిందని వాళ్లంటారు, బెంగుళూరు నుంచి వచ్చిందని మనమంటాం. రెండూ నిజమే. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. 1874లో లాల్‌బాగ్ సూపరింటెండెంటుగా వచ్చిన జాన్ కామెరాన్ దాన్ని ఇక్కడ పెంచి చూశాడని చెబుతారు. ఇక్కడ బతికింది, ఇక్కడి నుంచి మన పెరళ్లకి పాకింది.

ఎందుకు చెప్తున్నానంటే, లాల్‌బాగ్ అనగానే మనకి ఫ్లవర్ షో గుర్తొస్తుంది. అది అసలు పరీక్షల తోటండీ. ఏ దేశం మొక్క ఈ మట్టిలో బతుకుతుంది, ఏది బతకదు అని నాటి చూసే చోటు. 1760లో హైదరలీ మొదలుపెట్టాడు. శిరాలో మొగలుల తోట చూసి ముచ్చటపడి ఇక్కడ వేయించాడని అంటారు. టిప్పు దూరదేశాల నుంచి మొక్కలూ విత్తనాలూ తెప్పించాడు. 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. ఇప్పుడు 240 ఎకరాలు. గాజు మేడ ఉంది కదా, గ్లాస్ హౌస్, దానికి 1889లో ఇంగ్లండు రాజకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. అదీ కామెరాన్ హయాంలోనే. జనవరి 26కీ ఆగస్టు 15కీ అందులో పూల ప్రదర్శన పెడతారు. ఆ ప్రదర్శనలు ఇప్పటికి రెండు వందలు దాటాయి.

నిజం చెప్పాలంటే నాకు ఆ పూలతో కట్టే బొమ్మల మీద అంత మోజు లేదు. ఎవరూ కోప్పడకండి. ఆ పది రోజులూ మనుషుల వీపులు తప్ప ఏమీ కనబడవు. జూన్‌లోనో జూలైలోనో ఒక మామూలు మంగళవారం, పొద్దున్న ఆరున్నరకి వెళ్లండి. మెట్రో లాల్‌బాగ్ స్టేషన్ దగ్గరే ఆగుతుంది. తోట మీ ఒక్కరిదే అన్నట్టుంటుంది.

వెళ్లినప్పుడు గ్లాస్ హౌస్ చూసి తిరిగొచ్చేయకండి. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ గుట్ట ఎక్కండి. అది ఎక్కి సెల్ఫీ దిగుతారు గానీ, కాళ్ల కింద ఏముందో చూడరు. ఆ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. నేను బ్యాంకు మనిషిని, కోట్లు నాకు కొత్త కాదు. అయినా అక్కడున్న బోర్డు మొదటిసారి చదివినప్పుడు సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. భూమి వయసే 450 కోట్ల ఏళ్ల చిల్లర కదా. భూవిజ్ఞాన సర్వే వాళ్లు దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ రాయి పేరు పెనిన్సులర్ నైస్.

వాన పడిన మర్నాడు ఆ బండ మీద చిన్న చిన్న గుంటల్లో నీళ్లుంటాయి. ఒక గుంట దగ్గర గొంతుక్కూర్చుని చూడండి. మా మనవరాలు చూపించింది నాకు. అంచున వేలెడు మందం మట్టి పేరుకుని ఉంటుంది. అందులో నాలుగు గడ్డిపోచలు, గోరంత పసుప్పచ్చ పువ్వు. ఈ ఊరి ఎర్రమట్టి అంతా ఇలాంటి రాయి ఎండకి పగిలి, వానకి నాని, పొడై పొడై తయారైందే. వేలెడు మట్టికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో! నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది నిజానికి ఆ వేలెడు గురించే. పార్కులో మనమంతా తలెత్తి చూస్తూ తిరుగుతాం. కింద ఉన్నదాన్ని తొక్కుకుంటూ పోతాం.

తలెత్తి చూడొద్దని అనట్లేదు సుమా. చూడకపోతే ఈ ఊళ్లో ఉండి దండగ. క్రుంబీగల్ అని ఒక జర్మన్ ఉండేవాడు, లాల్‌బాగ్ పక్కన ఆయన పేరున రోడ్డుంది, మీలో చాలామంది దాని మీదే వెళ్తుంటారు. లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడాలో పనిచేసి, 1908లో మైసూరు సంస్థానం కొలువుకి వచ్చాడు. ఒక చెట్టు పూత అయిపోయేసరికి ఇంకోటి అందుకునేలా ఏడాది పొడుగునా ఊళ్లో ఏదో ఒకటి పూస్తూనే ఉండాలని వీధుల్లో చెట్లు వేయించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వాడని నిర్బంధించారు కూడా. అయినా ఈ ఊరు వదల్లేదు. 1956లో ఇక్కడే పోయాడు. తర్వాత 1980లలో నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి నాలుగైదేళ్లలో 15 లక్షల మొక్కలు నాటించారు. ఇవాళ మన వీధుల్లో ఉన్న నీడలో చాలా వాటా ఆయనది. మనం ఇల్లు కొనేటప్పుడు "లీఫీ ఏరియా" అని ఎక్కువ ధర పెడతాం కదా, ఆ ఎక్కువ ధర ఇలాంటి వాళ్లు నాటింది. (నవ్వులు)

అందుకే ఇక్కడ పంచాంగం చెట్లే చెప్తాయి. సంక్రాంతి అయ్యాక గులాబీ రంగు టబేబుయా. ఆ తర్వాత పసుప్పచ్చది. ఉగాది దగ్గర పడేసరికి జకరండా ఊదా రంగు. ఏప్రిల్ మేల్లో తురాయి, పచ్చ తురాయి. చలి మొదలయ్యే ముందు ఆకాశమల్లె. తెల్లారేసరికి రోడ్డంతా తెల్లగా రాలి ఉంటాయి, వాసన మా రెండో అంతస్తు దాకా వస్తుంది. కబ్బన్ పార్క్‌లో సాయంత్రం ఆరు గంటలకి నిద్రగన్నేరు కింద కూర్చుని పైకి చూడండి. ఆకులు మెల్లగా ముడుచుకుంటాయి. మనవాళ్లు ఊరికే పెట్టలేదు ఆ పేరు.

కబ్బన్ పార్క్ అన్నాను కాబట్టి, దాని గురించి రెండు ముక్కలు. 1870లో రిచర్డ్ శాంకీ అనే ఇంజనీరు వేయించాడు. అప్పుడు మీడ్స్ పార్క్. తర్వాత కబ్బన్ దొర పేరు. 1927లో శ్రీ చామరాజేంద్ర పార్క్ అని అధికారికంగా మార్చారు. ఆటోవాణ్ణి చామరాజేంద్ర పార్క్‌కి పోనీయమంటే మైసూరు తీసుకెళ్లినా తీసుకెళ్తాడు. (నవ్వులు) సుమారు 300 ఎకరాలు. ఆదివారాలు లోపలి రోడ్ల మీద బళ్లు రానివ్వరు. శనివారం పొద్దున్నే పిల్లలు, అంటే మన పిల్లల వయసు వాళ్లు, చాపలేసుకుని పుస్తకాలు చదువుకుంటూ కనబడతారు. మాటా పలుకూ ఉండదు. నేను కూడా ఒకసారి వెళ్లి కూర్చున్నా. రెండు పేజీలు చదివి నిద్రపోయాను. చాలా బాగుంది.

ఇంక మా పార్కు. అరెకరం ఉంటుందేమో. నడవడానికి బాట, నాలుగు బెంచీలు, ఒక ఉయ్యాల, ఆ ఉయ్యాల మీద ఎప్పుడూ పెద్దవాళ్లే. గేటు పక్కన ఫుట్‌పాత్ మీద ఒక కానుగ చెట్టుండేది. మేం ఇల్లు కట్టుకునే నాటికే అది పెద్ద చెట్టు. కింద ఇస్త్రీ బండి. కానుగ అందం ఏంటంటే, అంత ఎండలో, మార్చిలో, పాత ఆకు రాల్చేసి వారం తిరక్కుండా కొత్తాకు వేస్తుంది. నూనె రాసినట్టు మెరుస్తుంది. ఆ తర్వాత పూత. పొద్దున్న లేచేసరికి కింద పేలాలు పోసినట్టుండేది.

ఆ పూల మీద ఒకాయన జారారు. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ కమిటీ మీటింగ్‌లో అదే చర్చ. పూలు రాలితే జారుడు, వానొస్తే బురద, ఎండాకాలం దుమ్ము. గేటు దగ్గరా, లోపల బాటంతా టైల్స్ వేయించాలి, చెట్టు చుట్టూ చక్కగా గట్టు కట్టించాలి అని తీర్మానం. అర్జీ రాసింది నేనే. నా దస్తూరి బాగుంటుందని. ఆ కాగితం జెరాక్స్ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

పని ఒక్క పూటలో అయిపోయింది. ముక్కాలడుగు లోతు తవ్వారు. మణికట్టంత లావు వేర్లు అడ్డొస్తే గడ్డపారతో తెంపేశారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, టీ కూడా పంపించాను వాళ్లకి. కంకర పొడి పరిచి, దాని మీద టైల్స్ బిగించారు. చెట్టు మొదలుకి ఆనించి గట్టు కట్టి, గట్టుకీ చెట్టుకీ మధ్య ఉన్న సందు కూడా సిమెంటుతో పూడ్చేశారు, చెత్త పడకుండా. ఎరుపూ తెలుపూ రంగులు వేశారు. గ్రూపులో ఫోటో పెడితే నలభై చప్పట్లు పడ్డాయి.

మా పార్కు మాలిది బాగేపల్లి వైపు. ఆయన తెలుగు మన తెలుగు కన్నా తియ్యగా ఉంటుంది. ఆ రోజు సాయంత్రం నాతో అన్నాడు, "మేడమ్, మొదులుకి సిమెంటేస్తే అదెట్ల ఊపిరి తీసుకుంటాది?" నేను నవ్వాను. ఊపిరి ఆకులు తీసుకుంటాయి కదయ్యా అన్నాను, ఆరో తరగతి పాఠం గుర్తు తెచ్చుకుని.

మూడేళ్లు బానే ఉంది. నాలుగో ఏడు ఏప్రిల్‌లో, మొదటి వానకి ముందు గాలి వస్తుంది కదా, ఆ గాలికి పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఇస్త్రీ బండి పైరేకు నలిగింది. మర్నాడు పొద్దున్న వెళ్లి చూశాను. అంత చెట్టు, దాని కింద వేర్లు మా డైనింగ్ టేబుల్ అంత వెడల్పు కూడా లేవు. తెంపిన చోట్లన్నీ నల్లబడిపోయాయి. చేత్తో నొక్కితే నానబెట్టిన అటుకుల్లా మెత్తగా దిగిపోయింది. సిమెంటు ఆనిన చోట మొదలు చుట్టూ బెరడు కుళ్లిపోయి ఉంది. కొమ్మల నిండా పూత మాత్రం ఉంది.

ఆ తర్వాతే ఈ విషయాలు తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలిసినవాళ్లని పట్టుకుని అడిగాను, చదివాను. చెట్టు వేరు పాతాళం దాకా వెళ్తుందని మనం అనుకుంటాం. నీళ్లూ సారమూ పీల్చే సన్నవేర్లు చాలా వరకు పైపైన అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయట. పక్కలకి మాత్రం కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. ఆ వేర్లకి గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోంచే వాటికి గాలీ నీళ్లూ అందేది. సిమెంటు వేస్తే ఆ సందులు మూసుకుపోతాయి. రోజూ వెయ్యి కాళ్లు తొక్కినా, బళ్లు ఆపినా అంతే, మట్టి గట్టిపడిపోతుంది. మాలి చెప్పింది అక్షరాలా సైన్సు. నేను ఆయనకి ఆరో తరగతి పాఠం చెప్పాను.

పార్కుల్ని పాడుచేసేది కబ్జాదారులని మనం అనుకుంటాం. వాళ్ల సంగతి చట్టం చూసుకుంటుంది. కర్ణాటకలో పార్కుల కోసం 1975 నాటి చట్టం, చెట్ల కోసం 1976 నాటి చట్టం ఉన్నాయి, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. కానీ చెట్టు చుట్టూ టైల్స్ వేయమని మాలాంటి మంచివాళ్లు అందమైన దస్తూరితో అర్జీ పెడితే ఆపేవాడు ఎవడు? మా అర్జీలన్నీ ప్రేమతో పెట్టినవే. ఇంకో వంద గజాల బాట. ఇంకో జిమ్ పరికరం. రాత్రి పదింటి దాకా ఫ్లడ్‌లైట్లు. కొమ్మలకి చుట్టిన రంగు లైట్లు, వాటికి మేకులు. ఒక్కో అర్జీకీ కాస్త మట్టి పోయింది.

సరే, పోయింది పోయింది. ఏం చేశామో చెప్తాను, పనికొస్తే మీరూ చేయండి. మిగిలిన ఎనిమిది చెట్ల చుట్టూ సిమెంటు తీయించాం, పాలికె, అంటే నగరపాలక సంస్థ వాళ్ల అనుమతితోనే. ఉలితో మెల్లగా కొట్టి తీశారు, రెండు రోజులు పట్టింది. ప్రతి చెట్టుకీ నాలుగడుగుల మేర మట్టి వదిలాం. దాని మీద ఎండుటాకు పరిచాం. మొదలుకి ఆనకుండా జానెడు ఎడం ఉంచి.

ఎండుటాకు అనగానే మా కమిటీలో యుద్ధం. ఆకు కనబడితే మనకి చెయ్యి ఊరుకోదు కదా, చెత్త అనిపిస్తుంది. జనవరి ఫిబ్రవరిలో ప్రతి వీధి చివరా ఆకు పోగేసి అంటించడం, ఆ పొగకి నాకు దగ్గు. ఆకు కాల్చకూడదని నిబంధనలున్నాయి, వినేదెవరు. మేం పార్కు మూలన ఇనప జాలీతో నాలుగడుగుల ఎత్తు గంప లాంటిది కట్టించాం. ఆకు వేసి తొక్కడం, పేడనీళ్లు చల్లడం, మళ్లీ ఆకు. పేడ దొరక్కపోతే పుల్లమజ్జిగలో బెల్లం కలిపి చల్లండి. చేత్తో పిండితే తడి తెలియాలి, నీళ్లు కారకూడదు. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి. మొదటిసారి మేం నీళ్లు ఎక్కువ పోశాం. వాసనకి పక్కింటివాళ్లు మా మీద అర్జీ పెట్టారు. (నవ్వులు) వాళ్ల దస్తూరీ బాగానే ఉంది. రెండోసారి కుదిరింది. నాలుగు నెలలకి అడుగున నల్లగా, కాఫీ పొడిలా తయారైంది. గుప్పెట్లో పట్టుకుంటే తొలకరి వాసన. ఏటా ఎరువు లోడుకి పెట్టే ఖర్చు ఇప్పుడు నా లెక్కల పుస్తకంలో లేదు.

ఇంకో సంగతి, పిల్లలున్నారు కాబట్టి. లాల్‌బాగ్‌లో కిత్తనార మొక్కలు చూశారా, దళసరి ఆకులు, కత్తుల్లా ఉంటాయి? వాటి మీద గీసిన పేర్లు చదువుకుంటూ పోతే ఊళ్లో ప్రేమ కథలన్నీ తెలుస్తాయి. వెదుళ్ల మీద కూడా. ఆ ప్రేమల్లో ఎన్ని నిలిచాయో గానీ ఆ గాట్లు మాత్రం ఆ ఆకు ఎండి రాలేదాకా ఉంటాయి. రాయాలనిపిస్తే బండ మీద వేలితో నీళ్లు ముంచి రాయండి, ఎండకి ఆరిపోతుంది.

కుక్కల్ని తిప్పేవాళ్లు సంచీ తీసుకెళ్లండి. అంతకన్నా వివరంగా చెప్పను, భోజనాల వేళ దగ్గరపడింది.

ఏమ్మా, చెయ్యెత్తావు? అడుగు. (సభలోని ఒక బాలిక: రాలిన పూలు ఇంటికి తెచ్చుకోవచ్చా?) దోసిలి నిండా తెచ్చుకో. కొమ్మ మీదివి వద్దు. లాల్‌బాగ్‌లో మాత్రం అక్కడ కాపలా ఉండే వాళ్లని ఒక మాట అడుగు, కన్నడంలో అడిగితే ఇంకా సంతోషిస్తారు.

ఆఁ, ఆ వెనకాయన. (సభలోని ఒకరు: పడిపోయిన చెట్టు స్థానంలో ఏం వేశారు?) మళ్లీ కానుగే వేశామండీ. రెండేళ్లయింది, నా ఎత్తు దాటింది. చుట్టూ టైల్స్ లేవు, గట్టు లేదు, వట్టి మట్టీ ఆకూ. ఇస్త్రీ ఆయన రోజూ ఒక చెంబు నీళ్లు పోస్తాడు. ఒక్కటే బాధ. ఆ మెత్తటి మట్టి మీద ఎవరో రోజూ సాయంత్రం స్కూటర్ స్టాండు వేసి పెడుతున్నారు. స్టాండు దిగిన గుంట కూడా పడింది. ఎవరా అని వారం రోజులు బాల్కనీలోంచి కాపు కాశాను. తెలిసింది. మా ఆయనే. అదుగో, మూడో వరసలో నీలం చొక్కా. (నవ్వులు, చప్పట్లు)